కోరలు పీకిన నోట్లో

రావులపాలెం దగ్గర హైవే వదిలి కొత్తపేట రోడ్డెక్కాక అరటితోటలు, వాటి మధ్య కొబ్బరిచెట్లు, చెట్ల కింద నీడలో తడి. ఆటోలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్లో మూతపెట్టిన స్టీలు క్యాను, కాగితంలో చుట్టిన కోడిగుడ్లు. మర్నాడు నాగులచవితి. "పుట్టలో ఆవుపాలే పొయ్యాలండి. పేకెట్టు పాలు ఎలా పోత్తాం?" అందావిడ, నేనేమీ అడక్కుండానే. పోయినేడు వాళ్ల కొబ్బరి డొక్కల కుప్పలోంచి తాచు లేచి పడగ విప్పిందట. చేతులు జోడించి నిలబడితే దాని దారిన అది పోయిందట.

ఈ సీమలో పాముకి మొక్కడానికీ, పామంటే హడలడానికీ కారణం ఈ నేలే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గౌతమికీ వశిష్ఠకీ నడుమ ఉన్న ఈ ముక్కంతా కాలువల కింద వరిచేలయింది. వరి ఉన్నచోట ఎలకలు, ఎలకలున్నచోట పాములు. గడ్డిమేట్లు, కొబ్బరి డొక్కల గుట్టలు, బోదెల గట్లు, పాత పెంకుటిళ్ల అటకలు అన్నీ వాటికి ఇళ్లే. గోదారి పొంగితే ఆ ఇళ్లు మునుగుతాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు లంకల్లో జనం, పశువులు, పాములు అందరూ మెరక వెతుక్కున్నారు. మెరక అంటే మనుషుల అరుగులే.

కొత్తపేట అంటే చాలామందికి విగ్రహాలు గుర్తొస్తాయి. శిల్పి రాజ్‌కుమార్ వుడయార్ ఊరిది. సంక్రాంతికైతే ప్రభలు. దగ్గర్లో పలివెలలో కొప్పేశ్వరుడు, మందపల్లిలో శనీశ్వరుడు. అన్నీ చూడదగ్గవే. నేను వచ్చింది మాత్రం ఒక పశువుల డాక్టరు గారి కోసం. గేదెలు, మేకలు ఆయన ఉద్యోగం. పాములు ఆయన మనసుపెట్టిన పని. రోకలి దెబ్బ తిన్నవి, వలల్లో చిక్కుకున్నవి, పొక్లెయిన్ కింద నలిగినవి ఎవరు తెచ్చినా కాదనరు. "నాగులచవితికి రండి. పాముకి మనం చేసే పూజ ఒకటే చూస్తారు అందరూ. మీకు దాని నోరు చూపిస్తాను," అన్నారు ఫోన్లో.

తెల్లారేసరికి పుట్ట దగ్గర జనం. తడి జుట్టు ముడేసుకున్న ఆడవాళ్లు, కొత్త చొక్కాల పిల్లలు, మతాబుల పొగ. పసుపూ కుంకుమా చల్లి, పాలు పోసి, గుడ్లు వదిలి, చలిమిడీ చిమ్మిలీ నైవేద్యం పెట్టి, పుట్టమన్ను తీసి పిల్లల చెవులకి రాస్తున్నారు. పుట్టలోంచి పామేదీ రాలేదు. వచ్చే సద్దూ కాదది.

పాము వచ్చింది సందు మొదట్లోంచి. కావడికి రెండు బుట్టలు, భుజాన నాగస్వరం బుర్ర, వెనక పదేళ్ల మనవడు. ఆయన మూత తీసి వేలితో తట్టగానే తాచు లేచి పడగ పట్టింది. జనం అటు తిరిగారు. ఒకామె పాలగ్లాసు ముందుకి పెట్టింది. పాము ముట్టె ముంచి తాగింది. "తాగింది తాగింది" అని పిల్లలు గంతులు. డాక్టరు గారు నా చెవి దగ్గర, "రోజుల తరబడి నీళ్లు పెట్టకపోతే ఏది పెట్టినా తాగుతుందండీ. పాలు దానికి అరగవు," అన్నారు. ఆయన చూపు గ్లాసు మీద లేదు. పాము పెదవి మీద ఉంది. కుడివైపు పెదవి కింద చిన్న ఉబ్బు. నోరు పూర్తిగా మూసుకోవడం లేదు. సందులోంచి జిగురు తీగ ఒకటి వేలాడుతోంది.

పాముల్ని పట్టి ఆడించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అటవీశాఖ వాళ్లకి కబురు పెట్టక తప్పదు. పెట్టారు కూడా. కానీ వాళ్లు వచ్చేలోపు డాక్టరు గారు ఆ పెద్దాయన పక్కన అరుగు మీద కూర్చుని టీ తెప్పించి మాట్లాడిన తీరు నాకు నచ్చింది. కేకలు లేవు, బెదిరింపు లేదు.

"కోరలు ఎప్పుడు తీశావు పెద్దాయనా?"

"పట్టిన్నాడేనండి. మళ్లీ మొలిత్తే మళ్లీ తీత్తాం. తియ్యకపోతే సందులోకి ఎవరు రానిత్తారండి? మా తాతల కాడ్నించీ ఇంతేనండి, ఆయ్."

"దేంతో తీశావు?"

"పటకారండి. పసుపెట్టాను."

మొలుస్తాయి, నిజమే. తాచు కోర ఊడితే వెనకే వరసలో పెరుగుతున్న మరోటి ముందుకొచ్చి ఆ చోట నిలబడుతుంది. అందుకే పాములాడించేవాళ్లు కోరలు తియ్యడం ఒకసారితో ఆపరు. కొందరు విషపు తిత్తి నాళాన్నే కోసేస్తారు. ఇంకొందరు నాలుక బయటికొచ్చేంత సందు వదిలి నోటిని దారంతో కుట్టేస్తారు. కుట్టిన పాము తినలేదు. జనం ముందు పడగ మాత్రం ఎత్తుతుంది, చచ్చేదాకా.

మధ్యాహ్నం పశువుల ఆసుపత్రిలో ఆ నోరు చూశాను. అటవీశాఖ కుర్రాడు తల వెనక పట్టుకున్నాడు. డాక్టరు గారు దూది చుట్టిన చెక్కపుల్లతో కింది దవడని మెల్లగా దించారు. ఆరోగ్యంగా ఉన్న పాము నోరు లోపల లేత గులాబీ రంగులో, తడిగా, శుభ్రంగా ఉంటుందట. అడుగున మధ్యలో శ్వాసనాళం మూతి కనబడింది, ఊపిరికి తెరుచుకుంటూ మూసుకుంటూ. ఎలకని సగం మింగినప్పుడు కూడా ఆ గొట్టాన్నే ముందుకి చాపి ఊపిరి తీసుకుంటుంది పాము. పైన అంగిట్లో రెండు వరసల చిన్న పళ్లు. కోరలుండాల్సిన చోట ఎడమవైపు గుంట. కుడివైపు చిగురు ఉబ్బి, ముదురెరుపెక్కి, దాని మీద విరిగిన పాల ముక్కల్లాంటి తెల్లని గడ్డలు అంటుకుని ఉన్నాయి.

"అది చీమే," అన్నారాయన. "మనకి చీము కారుతుంది, వీటికి కారదు. మన తెల్లకణాల్లో దాన్ని కరిగించే ఎంజైము ఒకటుంటుంది, పాముల తెల్లకణాల్లో అది లేదు. అందుకే గట్టిపడి అక్కడే కూర్చుంటుంది. మందు ఎంత పోసినా అది తియ్యకుండా పుండు మానదు." ఫోర్సెప్స్‌తో ఒక్కొక్క ముక్కా తీస్తుంటే కింద నెత్తురు చెమ్మ. పాము బుస కొట్టింది కానీ పెద్దగా పెనుగులాడలేదు. ఆ ఊరుకోవడం చూసే ఆయన ఎక్కువ కంగారు పడ్డారు.

ముందే నమూనా తీసుకున్నారు, దూదిపుల్లతో గొట్టంలోకి. ఏ బాక్టీరియా అన్నది ల్యాబు చెప్పాలి. ఇలాంటి నోళ్లలో సాధారణంగా దొరికేవాటి పేర్లు మాత్రం చెప్పారు. సూడోమోనాస్, ఏరోమోనాస్, ప్రోటియస్, మోర్గనెల్లా, సాల్మొనెల్లా. వీటిలో ఏరోమోనాస్ కోనసీమకి పాత చుట్టమే. చెరువునీళ్లలో ఉంటుంది. చేపల ఒంటి మీద ఎర్రటి పుళ్లు తెప్పించి రైతుని ఏడిపించేవాటిలో ఇదొకటి.

నేను అడిగిన ప్రశ్న ఎవరైనా అడిగేదే. ఇవన్నీ పాము నోట్లోకి ఎలా వచ్చాయి, అడవిలో పాముకి ఉండవా? ఉంటాయి. పాము బతికున్న ఎలకని పట్టి మింగుతుంది. ప్రాణభయంతో ఎలక అక్కడే విసర్జిస్తుంది. ఎలక పేగుల్లో ఉన్నదంతా పాము నోటికి చేరుతుంది. అందుకే పాము నోటి బాక్టీరియాలో పేగు జాతులు ఎక్కువ. 2018లో మన దేశంలోనే అడవి పాముల నోటి నమూనాల్లో డీఎన్ఏ చదివి చూసిన పరిశోధకులకి, విషమున్నవాటిలోనూ లేనివాటిలోనూ బోలెడన్ని జాతులు కనిపించాయి. హాంకాంగ్‌లో 2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో చైనా తాచుల నోటినీ, పచ్చటి వెదురు పింజరుల నోటినీ పోల్చి చూస్తే తాచు నోట్లోనే రోగకారకాలు ఎక్కువగా దొరికాయి.

మరి వాటితో అది బతుకుతోంది కదా? బతుకుతోంది, ఎండ ఉంటే. పాముకి సొంత వేడి లేదు. రోగంతో పోరాడే శక్తి కూడా ఒంటి వేడి మీదే నడుస్తుంది. అడవిలో జబ్బుపడ్డ పాము ఎండలోకి పాక్కుంటూ వెళ్లి కాచుకుంటుంది. చల్లబడాలంటే బొరియలోకి దూరుతుంది. నీళ్లు తాగుతుంది, కుబుసం విడుస్తుంది, తన రొచ్చుకి దూరంగా కదులుతుంది. బుట్టలో ఇవేవీ లేవు. చీకటి, చల్లదనం, దాహం, కింద తన మలమే, పైన మూతకి ముట్టె రాసుకుని రాసుకుని అయిన గాయం. ఆపైన పటకారు. అప్పటిదాకా అణిగిమణిగి ఉన్న బాక్టీరియా ఆ గాయంలో దిగి ఎముకదాకా తొలుస్తుంది. నోటి నుంచి శ్వాసనాళంలోకి జారితే ఊపిరితిత్తి చెడుతుంది. పాముకి ఉదరవితానం లేదు. మనలా దగ్గి కఫం బయటికి నెట్టలేదు. జంతుప్రదర్శనశాలల్లో, పాముల్ని పెంచే ల్యాబుల్లో కూడా ఈ నోటిపూత ఉంది. శుభ్రమైన అద్దాల గదిలో కూడా వేడి నాలుగు డిగ్రీలు తప్పితే వస్తుంది. కాకపోతే అక్కడ రోజూ చూసే మనిషుంటాడు.

పాము విషానికి కూడా బాక్టీరియాని చంపే గుణం ఉంది. పింజరి విషానికి పసుపు రంగునిచ్చే ఎల్-అమైనో ఆమ్ల ఆక్సిడేజ్ అనే ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడుని పుట్టిస్తుంది, గాయాలు కడిగే నురగమందు అదే. అందుకని విషపు తిత్తిలో ఏ జీవీ ఉండదని చాలాకాలం నమ్మారు. 2022లో బ్రిటన్‌లోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయం నుంచి స్టెర్జియోస్ మోస్కోస్ బృందం ఆ నమ్మకాన్ని కదిపింది. నల్లమెడ ఉమ్మితాచు విషంలో ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే బాక్టీరియా బతుకుతోందని, విషాన్ని తట్టుకునేలా తన జన్యువుల్ని మార్చుకుందని చూపించింది. ఆసుపత్రి రోగి దగ్గర దొరికిన అదే జాతి బాక్టీరియాని ఆ విషంలో వేస్తే తట్టుకోలేకపోయింది. కాటుతో మనిషి ఒంట్లోకి దిగేది విషం ఒక్కటే కాకపోవచ్చునని దీన్నిబట్టి అనుకోవాల్సి వస్తుంది.

ఈ మాట వినగానే పాము నోరంటే మురికికుండ అనే నిర్ణయానికి రావడం తేలిక. ఇండొనేషియా కొమొడో ఉడుము విషయంలో అదే జరిగింది. దాని ఎంగిట్లో కుళ్లు బాక్టీరియా ఉందని, కొరికి వదిలేస్తే దున్నపోతు కూడా ఆ కుళ్లుతోనే చస్తుందని పుస్తకాల్లో దశాబ్దాలపాటు రాశారు. 2009లో బ్రయాన్ ఫ్రై బృందం దానికి విషగ్రంథులున్నాయని చూపింది. 2013లో అమెరికా జంతుప్రదర్శనశాలల్లోని 16 కొమొడోల నోళ్లు పరీక్షిస్తే మాంసం తినే ఏ జంతువు నోట్లోనైనా ఉండేవే ఉన్నాయి, అసాధారణమైనవి లేవు. జంతువు నోట్లో ఏముందన్నది అది తిన్నదానిమీదా, మనం దాన్ని ఉంచిన చోటుమీదా చాలావరకు ఆధారపడుతుంది. నాకు ఈ సంగతి బుట్టలోని తాచు దగ్గర అర్థమైనంత బాగా ఏ పత్రికలోనూ అర్థం కాలేదు.

పెద్దాయన ఆసుపత్రి వసారాలోనే కూర్చున్నాడు. కేసు సంగతి తేలేదాకా కదలద్దన్నారు. కుడిచేతి చూపుడువేలు మధ్య కణుపు దగ్గర కొంకిలా వంగి బిగుసుకుపోయి ఉంది. అడిగితే చెప్పాడు. కోరలు తీసిన పామే, మేత పెట్టబోతే చిన్నపళ్లతో గీరిందట. విషం లేదుగా అని ఊరుకున్నాడు. మూడోనాటికి చెయ్యి మోచేతిదాకా వాచింది. పసరు కట్టించుకున్నాడు. ఇంకా వాచింది. చివరికి ఆసుపత్రిలో కోసి చీము తీశారు, వేలు నిలిచింది కానీ వంగదు. "కోరల్లేని పాము ఏం చేత్తాదిలే అనుకున్నానండి," అన్నాడు. ఆ చేత్తోనే టీ గ్లాసు పట్టుకోవడానికి అవస్థపడుతున్నాడు. విషం పీకేసిన నోట్లో మిగిలింది ఆయనే పెంచిన పుండు. అది ఆయన్నే కరిచింది. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఇంకో పని ఎవరూ నేర్పని కులంలో పుట్టి డెబ్బై ఏళ్లకి చేరిన మనిషి. మనవడు బడికెళ్తున్నాడా అని డాక్టరు గారు అడిగారు. పండగలకి వెళ్లడట.

సాయంత్రం ఊళ్లోనే మనుషులకి వైద్యం చేసే ఒక డాక్టరమ్మతో మాట్లాడాను. కోతల రోజుల్లో ఆమెకి పాముకాటు కేసులు కొత్త కాదు. పాము నోట్లో ఇన్ని బాక్టీరియాలుంటే కాటు తిన్నవాళ్లందరికీ యాంటీబయాటిక్ ఇస్తారా అని అడిగాను. ఇవ్వనన్నారు. ముందు విషం సంగతి చూడాలి. నెత్తురు గాజుగొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూస్తారు. గడ్డకట్టకపోతే రక్తపింజరి లాంటిది కరిచిందనుకోవాలి. కనురెప్పలు వాలుతుంటే తాచు, కట్లపాము. యాంటీవీనమ్, అవసరమైతే ఊపిరి సాయం. ధనుర్వాతం ఇంజెక్షన్. గాయం ఎర్రబడి, చీముపట్టి, కండ నల్లబడితేనే యాంటీబయాటిక్. తాచు కాటు దగ్గర కండ చచ్చిపోవడం ఎక్కువ. చచ్చిన కండలో బాక్టీరియా హాయిగా పెరుగుతుంది.

"కుళ్లిన గాయాలు నేను చూసినవాటిలో చాలా పాము చేసినవి కావండి," అన్నారామె. "బ్లేడుతో కోస్తారు. నోటితో పీలుస్తారు. పేడ, పసరు, సున్నం పెడతారు. తాడుతో నెత్తురాడకుండా బిగిస్తారు. పాము నోట్లో ఉన్నది కొంత, మనం పూసింది బోలెడంత." పుదుచ్చేరి జిప్మర్ ఆసుపత్రిలో పాముకాటు గాయాల చీముని పరీక్షించినప్పుడు ఎక్కువగా దొరికింది స్టాఫిలోకాకస్ ఆరియస్. అది మామూలుగా మనుషుల చర్మం మీద, ముక్కుల్లో ఉండే బాక్టీరియా.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షలమంది చనిపోయారని 2020లో అచ్చయిన అంచనా. సగటున ఏడాదికి 58 వేలు. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2018 ఆగస్టులో కృష్ణా జిల్లా దివిసీమలో కాట్లు పెరిగితే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుళ్లో సర్పశాంతి యాగం చేశారు. ఆ భయాన్ని తక్కువ చెయ్యను. పొలంలో బురదలో చెయ్యి పెట్టే కూలికి దేవుడే దగ్గర. ఆ చేతికి తొడుగు, కాలికి బూటు, రాత్రి గట్టుమీద నడవడానికి టార్చి, గంటలోపు చేరగల ఆసుపత్రి కూడా దగ్గరవ్వాలి. 2024 మార్చిలో కేంద్రం విడుదల చేసిన జాతీయ కార్యప్రణాళిక 2030కల్లా ఈ చావుల్ని సగానికి తగ్గిస్తామంటోంది.

రక్తపింజరికి ఇంగ్లిషువాళ్లు పెట్టిన రస్సెల్ పేరు మన తీరం నుంచి వెళ్లిందే. విశాఖపట్నం వచ్చి కంపెనీ కొలువులో చేరిన స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ కోరమండల్ తీరపు పాముల మీద 1796లో అచ్చువేసిన బొమ్మల పుస్తకంలో చాలావాటి పేర్లు తెలుగువే. ఈ పింజరిని ఆయన కాటుక రేకుల పొడ అని రాసుకున్నాడు. పట్టి తెచ్చిన పాముల చేత కోళ్లని, కుక్కల్ని కరిపించి ఏది విషసర్పమో తేల్చాడు. పాముల్ని పట్టి ఇచ్చింది, పేర్లు చెప్పింది మన పల్లెల మనుషులు. వాళ్ల వారసులు ఏమయ్యారన్నది వసారాలో కూర్చున్న పెద్దాయన్ని చూస్తుంటే పదేపదే గుర్తొచ్చింది.

తమిళనాడులో పాములు పట్టే ఇరుల తెగవాళ్లకి ఇంకో దారి దొరికింది. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ చొరవతో 1978లో వాళ్లకి ఒక సహకార సంఘం ఏర్పడింది. మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో మట్టికుండల్లో పాముల్ని ఉంచి, మూడు నాలుగు వారాల్లో నాలుగుసార్లు విషం తీసి, పొట్ట పొలుసు మీద గుర్తు కత్తిరించి మళ్లీ వదిలేస్తారు. ఆ గుర్తు ఉన్నది వెంటనే మళ్లీ చిక్కితే తీసుకోరు. ఆ విషంతోనే కంపెనీలు గుర్రాల్లో యాంటీవీనమ్ తయారుచేస్తాయి. 2023లో ఇద్దరు ఇరుల పాములపట్టేవాళ్లకి, వడివేల్ గోపాల్‌కీ మాసి సడయన్‌కీ పద్మశ్రీ వచ్చింది. అక్కడ కోర పనికొచ్చే వస్తువు, దాన్ని కాపాడుకుంటేనే కూడు. మన పాములవాళ్లకి కోర పీకితేనే కూడు. వాళ్ల చేతుల్లోని విద్యని ఇలా వాడుకోవచ్చని మన రాష్ట్రంలో ఎవరైనా గట్టిగా పట్టుకోవాలని నా కోరిక.

మర్నాడు ఉదయం మళ్లీ ఆసుపత్రికి వెళ్లాను. చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ములో పాత కాగితాల మీద తాచు చుట్టలు చుట్టుకుని ఉంది. ఒక పక్క బల్బు వేడి, రెండో పక్క నీళ్ల పళ్లెం. వేడి కావాలంటే అటు, వద్దంటే ఇటు. రాత్రి నీళ్లు తాగిందట. పలచన చేసిన పోవిడోన్ అయొడిన్‌తో నోరు కడిగి, సెఫ్టాజిడైమ్ సూది ఒంటి ముందుభాగంలో వేశారు. పాము నెత్తురు తోకవైపు నుంచి మూత్రపిండాల మీదుగా వెళ్తుంది కాబట్టి వెనక వేసిన మందు పని చెయ్యకముందే కొంత పోతుందని, ముందువైపే వెయ్యాలని చెప్పారు. మళ్లీ సూది మూడు రోజులకి. చల్లటి నెత్తురు మందుని కూడా నెమ్మదిగానే ఖర్చుపెడుతుంది.

ఎడమవైపు గుంటలో టార్చి వేసి నన్ను పిలిచారు. చిగురు మడతలోంచి సూదిమొన అంత తెలుపు. కొత్త కోర. కుడివైపు ఎముక చెడిందో లేదో ఎక్స్‌రే తీస్తే గానీ తెలీదు. నోరు మానాక, తనంతట తాను ఎలకని పట్టి తినగలిగినప్పుడే వదలాలి. ఆలోపు వదిలితే ఆకలికే చస్తుంది.

"ఎక్కడ వదలాలి సార్?" అన్నాడు అటవీశాఖ కుర్రాడు. పట్టినచోటుకి దగ్గర్లోనే అన్నారు డాక్టరు గారు. కొత్తచోట వదిలితే పాము దారితెన్నూ లేక తిరిగి ఎవరి కాళ్లకిందో పడుతుంది. పెద్దాయన్ని అడిగారు. గౌతమి అవతల లంకలో, దుంపతోట పక్కన, పాత పంపుషెడ్డు గోడలో పట్టానన్నాడు. ఆ గోడ ఎటువైపు ఉందో, ఏ రేవులో పడవ ఎక్కాలో మనవడి చేత కాగితం మీద గీయించి ఇచ్చాడు.